సుద్ద బాణాలు

సోమవారం పొద్దున మా రంగు గది తలుపు మీద కొత్త కాగితం అంటించారు. మేస్త్రి దాన్ని చదివి, వెనక్కి తిరిగి, అందరినీ వదిలేసి నా మొహంకేసి చూశాడు. కాగితంలో ఉన్నది నా గురించేనని అప్పుడే అర్థమైంది.

"శనివారం నీకు మాస్కు పరీక్ష," అన్నాడు. "గడ్డంతో వచ్చావంటే పరీక్షే పెట్టరు. పరీక్ష గట్టెక్కకపోతే ఇక ఈ గదిలోకి రానివ్వరు. పక్క షెడ్డులో పాత రంగు గీకే పనే."

"కొంచెం కత్తిరించుకుంటే సరిపోదా మేస్త్రీ?"

"కత్తిరించడం కాదు. నున్నగా ఉండాలి. కోడిగుడ్డు తెలుసుగా? అలా."

"అయితే గడ్డం బావ ఇక గుడ్డు బావ అన్నమాట," అని వెనకాల నుంచి మా బామ్మర్ది అన్నాడు. మా ఆవిడ తమ్ముడు వాడు. నా చేతి కిందే రంగు కొట్టే గన్ను పట్టడం నేర్చుకున్నాడు. వాడు బావా బావా అని పిలవడం విని, షెడ్డు మొత్తం నన్ను గడ్డం బావ అనే పిలుస్తుంది. మేస్త్రి కూడా నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, ఆ రోజంతా చెయ్యి ఊరికే గడ్డం మీదికి పోతూనే ఉంది.

మేం బస్సులకి రంగు కొడతాం. రంగు కొట్టడమంటే గన్ను నొక్కడం అనుకుంటారు చూసేవాళ్ళు. బస్సు పక్కన ఒక చివరి నుంచి ఇంకో చివరికి ఒకే నడకతో, ఒకే దూరంలో, మధ్యలో ఊపిరి కూడా తడబడకుండా నడిచి చూస్తే తెలుస్తుంది. తడి రంగు మీద దీపాలు వంకర పోకుండా కనిపించాయంటే, ఆ రోజుకి నాకు ఇంకేమీ అక్కర్లేదు. నాకు చదువు పెద్దగా రాలేదు. దేవుడు నాకిచ్చిన చదువు ఆ నడకేనని నా నమ్మకం. అది తీసేసి చేతికి గీకుడు రాయి ఇస్తే కూడూ గుడ్డా దొరుకుతాయి, కాదనను. నేనేమవుతానో తెలియదు.

కంపెనీని తప్పుపట్టడానికీ లేదు. ఇప్పటి రంగుల్లో గట్టిపడడానికి ఒక మందు కలుపుతారు. దానికి వాసన పెద్దగా ఉండదు. వాసన తెలిసే పాటికి ఊపిరితిత్తుల్లోకి చేరిపోయి ఉంటుంది. నాకు పని నేర్పిన పెద్దాయన ఇప్పుడు మెట్లెక్కుతూ మధ్యలో కూలబడతాడు. మాస్కు అంచు చర్మానికి అంటుకుని కూర్చోవాలి, మధ్యలో వెంట్రుక ఉంటే కూర్చోదు. న్యాయమే. కానీ న్యాయమైనదంతా మన చర్మానికి పడాలని ఎక్కడుంది?

నా గడ్డం భక్తి కోసం పెంచిందని చాలామంది అనుకుంటారు. ప్రార్థనకి వెళ్ళిన చోట కొత్తవాళ్ళు లేచి చోటిస్తారు. రోజూ పొద్దున్నే దేవుడి ముందు కూర్చుంటాననే మాట నిజమే గాని, ఆ కూర్చోవడానికీ గడ్డానికీ సంబంధం లేదు. గీసుకుంటే నా మెడ రేగుతుంది, అంతే. వెంట్రుక చర్మం లోపలికే తిరిగి మొలుస్తుంది. ఎర్రటి పొక్కులు, వాటి మీద చీము, దురద. వరసగా అన్ని బ్లేడ్లున్న ప్లాస్టిక్ రేజర్లతో పోరాడి పోరాడి, పెళ్ళైన కొత్తలోనే చేతులెత్తేశాను. ఈ పొక్కుల మీద మాస్కు బిగిస్తే ఇక చెప్పనే అక్కర్లేదు.

మర్నాడు సాయంత్రం పని దిగగానే, సెలూన్లకి సామాన్లు అమ్మే కొట్టుకి వెళ్ళాను. అది సందు చివర ఉంటుంది. లోపల అద్దాలు, కుర్చీలు, దువ్వెనలు పేరుకుపోయి, మనిషి పక్కకి తిరిగి నడవాలి. బల్ల వెనక కొట్టాయన కూర్చున్నాడు. ఆయన గడ్డం గుండెల దాకా ఉంది.

"రేజర్లు మీరే అమ్ముతారా?" అన్నాను అనుమానంగా.

"ఎందుకలా చూస్తారు? మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడా? ఏం కావాలి?"

చెప్పాను. మెడ చూపించాను. ఆయన బల్లదీపం నా మీదికి తిప్పి, గడ్డం లోపలికి వేళ్ళు పెట్టి చూసి, పెదవి విరిచాడు. గుడ్డ పరిచి మూడు రేజర్లు పెట్టాడు. మూడూ ఇనుప గుండ్లలా బరువుగా ఉన్నాయి. పిడి, మధ్యలో పళ్ళెం, పైన మూత. పళ్ళేనికీ మూతకీ మధ్య రెండువైపులా పదునున్న పల్చటి బ్లేడు పెట్టి మర బిగించాలి.

"ఇది రౌడీ. దువ్వెనలాగా పళ్ళున్నాయి చూశారా? బ్లేడు ఎప్పుడూ బయటికి తొంగి చూస్తుంటుంది. ఇది గృహస్థు. అవసరం వస్తేనే కోపం. ఇది సాధువు. బ్లేడు కనపడీ కనపడనట్టు ఉంటుంది."

నా చెయ్యి రౌడీ మీదికే పోయింది. "నా గడ్డం ఇనుప తీగండీ. దీనికి ఇదే సరైనదేమో."

"వచ్చినవాళ్ళంతా అదే మాట. గడ్డం మొండిదైతే అయింది, దాని కిందున్న చర్మం సంగతేంటి? మీరు ఒప్పించాల్సింది చర్మాన్ని బాబూ, గడ్డాన్ని కాదు. రోజూ గీసుకోవాలంటున్నారు. రోజూ రౌడీతో కాపురం చేస్తారా?"

సాధువునే తీసుకున్నాను. దాంతోపాటు సబ్బు, కుంచె, పటిక ముక్క. బ్లేడ్లు మాత్రం ఒకే రకం ఇవ్వనన్నాడు. ఒకడికి వెన్నలా నడిచేది ఇంకొకడికి రంపమట. ఎందుకని అడిగితే, "దేవుణ్ణడగండి, నాకు తెలిస్తే ఈ సందులో ఎందుకుంటాను?" అన్నాడు. రకరకాల పొట్లాలు కట్టి ఇస్తూ హెచ్చరించాడు.

"ఆ ప్లాస్టిక్ వాటిని నొక్కి నొక్కి అలవాటు పడుంటారు. దీన్ని నొక్కారంటే రక్తమే. దాని బరువే దాని పని. మీరు దారి చూపించండి చాలు. వెంట్రుక ఎటు వాలి ఉందో ముందు చూసుకుని, ఆ వాలునే గీయండి. నురగ కడుక్కుని, మళ్ళీ నురగ పెట్టుకుని, రెండోసారి కావాలంటే అడ్డంగా. ఎదురు గీయడం మాత్రం వద్దు. మీ మెడకి అసలే వద్దు."

దార్లోనే సెలూన్లో మిషన్‌తో గడ్డం తీయించేసుకున్నాను. ఇంటికి వెళ్తే మా అమ్మాయి తలుపు తీసి, "అమ్మా, ఎవరో వచ్చారు," అంది. కాసేపు చుట్టూ తిరిగి చూసి, "నాన్నా, నీ గడ్డం కింద గుంట ఉంది!" అని అందులో వేలు పెట్టింది. పుట్టాక అదే మొదటిసారి చూడడం దానికి. నాకు ఒంటి మీద చొక్కా లేనట్టు ఉంది.

మా ఆవిడ బట్టలు కుడుతుంది. కిటికీ దగ్గర మిషను, పక్కన కత్తిరించే బల్ల. కొట్టాయన చెప్పిందంతా పొద్దున్నే ఆమెకి అప్పజెప్పాను. రాత్రికి రాత్రే వెంట్రుక మళ్ళీ మొలిచి గరుగ్గా తగులుతోంది. కానీ అది ఎటు వాలిందో ఎంత తడుముకున్నా నాకు అంతుపట్టడం లేదు. చెంప మీద ఒకలా, మెడ మీద మరోలా.

"వాలేనా? ఇలా రండి, అది నా పని," అంది ఆమె. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, కిటికీ వెలుగు వైపు తల తిప్పి, వేళ్ళ వెనక భాగంతో చెంప నిమిరింది. "మఖమల్ గుడ్డలాగే ఉందండీ. ఒకవైపు నిమిరితే జారుతుంది, ఇంకోవైపు నిమిరితే లేస్తుంది."

"గుర్తుంచుకోవడం ఎలా?"

ఆమె బల్ల మీద నుంచి సుద్ద తీసింది. బట్ట మీద గుర్తు పెట్టే పల్చటి నీలం సుద్ద. చెంప మీద ఒక బాణం, దవడ మీద ఒకటి, మెడ మీద రెండు గీసింది.

"కదలకండి. గుడ్డ ఇలా కదిలితే నేనీ పని ఎప్పుడో మానేసేదాన్ని."

"టైమైపోతోంది మరి."

"టైము ఎప్పుడు అవలేదు మీకు? పుట్టినప్పట్నుంచీ ఆలస్యమే."

మా అమ్మాయి స్కూలు సంచీ భుజాన వేసుకుని చూస్తూ, "నాన్న మ్యాపులా ఉన్నాడు," అనేసి వెళ్ళిపోయింది.

బాణాల్ని అద్దంలో బాగా చూసి గుర్తు పెట్టుకున్నాను. వేణ్ణీళ్ళతో మొహం తడిపి, కుంచెతో నురగ పట్టించి, చర్మం బిగించి పట్టుకుని, రేజరు ఆనించాను. నొక్కలేదు. దేవుడి మీద ఒట్టు, నొక్కలేదు. బాణం ఎటు చూపిస్తే అటే నడిపించాను. మొదటి గీతకే చుర్రుమంది. కొత్తలో అలాగే ఉంటుందేమో అనుకున్నాను. రెండోదానికి తెల్లటి నురగలో సన్నటి ఎర్ర దారం పాకింది. మెడ దగ్గరకొచ్చేసరికి నురగంతా గులాబీ రంగుకి తిరిగింది. పటిక రాస్తే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

"సాధువు అన్నాడు ఆ గడ్డమాయన!" అని అరిచాను స్నానాల గదిలోంచి. "సాధువు కూడా కరిచాడు చూడు!"

అలాగే కాగితం ముక్కలు అంటించుకుని పనికి పోయాను. పోయేముందు ప్రార్థనకి కూర్చున్నాను గాని, మనసు ఒకచోట లేదు. చెంప మండుతుంటే దేవుడి పేరు కూడా చెంపలోంచే వస్తున్నట్టుంది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో మా బామ్మర్ది ఎదురుగా కూర్చుని నా మొహం చూసి, పళ్ళెం పక్కకి నెట్టేశాడు.

"బావా, నిన్ను పిల్లి రక్కిందా, మా అక్క రక్కిందా?"

"మీ అక్క సాయంతోనే."

"అనుకున్నా." వాడు ముందుకి వంగాడు. వాడి మొహం మీద నాలుగు రోజుల గడ్డం ఉంది. అది వాడి సోకు. అంత పొట్టిగానే ఎప్పుడూ ఉంచుతాడు. అంత పొట్టి గడ్డాన్ని ఎవరూ పట్టించుకోలేదేమో, సోమవారం జరిగిన మొదటి జట్టు పరీక్షకి కూర్చుని గట్టెక్కాడు కూడా. అదెలాగా అని నాకు అప్పటికే అనుమానం. "ఎందుకింత హింస చెప్పు? ఆ పరీక్ష ఏమిటనుకున్నావు? తల మీద ఒక సంచీలాంటిది తొడుగుతారు. లోపలికి చేదు మందు పిచికారీ కొడతారు. మాస్కులోంచి చేదు తెలిసిందా అని అడుగుతారు. అంతే."

"అంతేనా?"

"అంతే. వాళ్ళ దగ్గర మీటరూ లేదు, ముల్లూ లేదు. నీ నాలుకే మీటరు. తెలిసినా తెలియనట్టు కూర్చో. వాళ్ళేమైనా నీ నోట్లో వేలు పెట్టి చూస్తారా?"

"నీకు తెలిసిందా?"

వాడు గ్లాసెత్తి నీళ్ళు తాగాడు. తాగడం చాలాసేపు సాగింది. "పని ముఖ్యం బావా," అన్నాడు చివరికి. "నువ్వసలే సత్యహరిశ్చంద్రుడి చుట్టానివి. అందుకే ముందే చెప్తున్నా. నోరు మూసుకో, గన్ను పట్టుకో."

ఆ మాట ఈగలా నా వెంట పడింది. గన్ను కడుగుతున్నా, మూతలు బిగిస్తున్నా అదే. ఆలోచించినకొద్దీ అందులో తప్పేముందనే అనిపించింది. ఎవరికి నష్టం? నా ఊపిరితిత్తులు నావే కదా. మళ్ళీ ఆ మెట్ల మీద కూలబడే పెద్దాయన కళ్ళముందు కనపడేవాడు. దేవుడు మంచికీ చెడుకీ సాక్షిని ఎక్కడో పైన కూర్చోబెట్టకుండా, ఇలా నోట్లోనే ఎందుకు పెట్టాడు? అబద్ధమాడేదీ నాలుకే, రుచి చూసేదీ అదే.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ ముదురు ఎరుపు మఖమల్ పరుచుకుని కత్తిరించబోతోంది. నేను ఊరికే నిలబడలేక బల్ల చుట్టూ తిరుగుతున్నాను. ఆమె గుడ్డ మీద చెయ్యి ఒకవైపు పోనిచ్చింది, నున్నగా జారింది. రెండోవైపు పోనిచ్చింది, నూగు లేచి నిలబడింది. సుద్ద తీసి బాణం గీసింది. నూగు లేచినవైపు.

"అదేంటి, ఎదురువైపు పెట్టావేం?"

"ఎదురేముంది? మఖమల్‌కి అలాగే పెడతాం. నూగు పైకి లేచేలా కత్తిరిస్తే రంగు నిండుగా కనిపిస్తుంది. చేతికి గరుగ్గా తగిలేవైపే బాణం..." అని, మధ్యలో ఆగిపోయింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"మరి పొద్దున నా మొహం మీద?"

"అలవాటు చొప్పున..." ఆమె సుద్ద బల్ల మీద పెట్టేసింది. "మీరు బాణం వైపే గీశారా?"

"బాణం ఉంటే ఇంకెటు గీస్తాను? మా గదిలో బాణం గీశారంటే గన్ను అటు నడవమని."

ఆమెకి నవ్వొచ్చింది. చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తర్వాత నా మెడ చూసింది, నవ్వు ఆగిపోయింది. వేడినీళ్ళలో గుడ్డ పిండి తెచ్చి, మెడకి అద్దుతూ కూర్చుంది. ఆమె తప్పూ కాదు, నా తప్పూ కాదు. ఇద్దరి పనితనమూ కలిసి నా మెడ మీద పడింది. దేవుడు అప్పుడప్పుడు నాకు చూపించే గుర్తుల్ని కూడా ఇలాగే తలకిందులుగా చదువుకుంటున్నానేమోనని కాసేపు భయం వేసింది.

మర్నాడు గీసుకోలేదు, పుండ్లు ఆరనిచ్చాను. శుక్రవారం పొద్దున మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాను. ఈసారి ఒక్కొక్క బాణానికీ ఆమె, "ఇటు జారుతోంది, ఇటు గీయాలి," అని పైకి చెప్పి మరీ పెట్టింది. కొత్త బ్లేడు వేరే పొట్లంలోది వేశాను. రేజరు తల చెంపకి ఆనించి, పిడిని మెల్లగా కిందికి దింపుతూ పోతే, ఒకచోట బ్లేడు వెంట్రుకని అందుకున్న సన్నటి చప్పుడు వినిపిస్తుంది. ఆ కోణం దగ్గర ఆగాలి. మణికట్టు కదలకుండా చెయ్యి మొత్తం కదలాలి. సగం చెంప అయ్యేసరికి ఒక్కసారిగా అర్థమైంది. ఇది గన్ను నడకే! ఒకే దూరం, ఒకే బరువు, తొందర లేదు. రక్తం రాలేదు.

"ఎడమ దవడ కింద మాత్రం జాగ్రత్త," అంది మా ఆవిడ గుమ్మంలోంచి. "అక్కడ సుడి ఉంది. బాణం ఎటు పెట్టాలో నాకే తెలియలేదు."

వేలు పెట్టి చూశాను. నిజమే, చెవి కిందుగా, దవడ ఎముక మలుపులో, వెంట్రుక నీటి సుడిలా గుండ్రంగా తిరిగి ఉంది. ఎటు గీసినా ఒకచోట ఎదురవుతుంది. బుధవారం అన్నిటికంటే లోతుగా తెగింది అక్కడే. రెండుసార్లు పైపైన పోనిచ్చి వదిలేశాను. శనివారం పొద్దున కూడా అంతే. మొహమంతా గుడ్డులా ఉంది, ఆ ఒక్కచోట తప్ప. ఎవరు చూస్తారులే అనుకున్నాను. మా ఆవిడ నా మొహం చూసి, రేజరూ సబ్బూ కుంచే పటికా గుడ్డలో చుట్టి అన్నం సంచీలో పెట్టింది.

పరీక్ష సామాన్ల గదిలో పెట్టారు. చేసేది ఒక అమ్మాయి, తెల్ల కోటు వేసుకుంది. మా బామ్మర్దీ ఇంకో ఇద్దరూ గుమ్మం దగ్గర చేరారు, తమాషా చూడ్డానికి. ముందు మాస్కు లేకుండానే సంచీ తొడిగి మందు కొట్టింది. నాలుకకి తెలుస్తుందో లేదో చూడ్డానికట. మాత్ర గొంతులో అడ్డంపడి కరిగిపోయినట్టు, చేదు నాలుక వేరు దాకా పాకింది. నీళ్ళిచ్చింది. నోరు శుభ్రపడ్డాక మాస్కు బిగించుకోమంది. తర్వాత మళ్ళీ సంచీ.

"మామూలుగా ఊపిరి తీసుకోండి. చేదు తెలిస్తే వెంటనే చెయ్యెత్తండి."

తెలియలేదు. గట్టిగా తీసుకోమంది. తెలియలేదు. తల అటూ ఇటూ తిప్పమంది, పైకీ కిందికీ ఊపమంది. ఏమీ లేదు. లోపల నాకు పాట వస్తోంది.

"ఇప్పుడు మాట్లాడుతూ ఉండండి. దవడ కదలాలి. ఏదైనా సరే, ఆపకుండా."

ఏం మాట్లాడాలో తోచలేదు. ఆపకుండా నా నోటికొచ్చేది ఒక్కటే, రోజూ పొద్దున నాలో నేను చెప్పుకునే ప్రార్థన. అదే మొదలుపెట్టాను. మాస్కులో నా గొంతు నాకే డబ్బాలో మాటలా ఉంది. మా ఇంటిని చల్లగా చూడు. పిల్లని చల్లగా చూడు. నా చేతిలో పనిని నిలబెట్టు...

అక్కడ, ఆ మాట దగ్గర, నాలుక అంచున సన్నగా ఏదో తగిలింది.

చేదా? నా భయమా? పరీక్ష దాదాపు అయిపోయింది. గుమ్మంలో మా బామ్మర్ది రెప్ప వేయకుండా చూస్తున్నాడు. వాడికి తెలిసిపోయింది, నా గొంతు తడబడగానే. చిన్నగా, ఎవరికీ కనపడకుండా, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నేను ప్రార్థన ముందుకి సాగించాలని చూశాను. సాగలేదు. నా పని నిలబెట్టమని ఆయన్నడుగుతున్న నోటితోనే, ఆ మరుక్షణం నాకేమీ తెలియలేదని చెప్పాలి. వేరే ఏ మాటలు మాట్లాడుతున్నా చెప్పేసేవాణ్ణేమో. నిజం చెప్పాలంటే, చెప్పేసేవాణ్ణే.

చెయ్యెత్తాను.

"తెలిసిందా?" అంది ఆ అమ్మాయి.

"తెలిసినట్టుందమ్మా. నిజంగా తెలిసిందో, తెలుస్తుందేమోనన్న భయమో చెప్పలేను."

"చెప్పలేకపోతే తెలిసినట్టే," అని సంచీ తీసేసింది. మాస్కు తీయించి, నా మొహం దీపం వైపు తిప్పి, అంచు ఆనిన గీత వెంబడి చూసుకుంటూ పోయి, ఎడమ దవడ మలుపు దగ్గర వేలు ఆపింది. "ఇదిగో, ఇక్కడ. ఇది గీసుకుని రాగలరా? ఇవాళే ఇంకోసారి చూస్తాను. క్రీములేవీ రాయకండి, అంచు జారిపోతుంది. నోట్లో చేదు పోయేదాకా నీళ్ళు తాగుతూ ఉండండి. ఈసారి కూడా తెలిస్తే మాత్రం నా చేతుల్లో లేదు."

బయటికొస్తుంటే మా బామ్మర్ది నా మోచెయ్యి పట్టుకున్నాడు. "పిచ్చి బావా! ఒక్క నిమిషం ఓర్చుకుంటే అయిపోయేది!"

"అయిపోయేది," అన్నాను. అన్నం సంచీలోంచి రేజరు మూట తీసుకుని నడిచాను.

కడుక్కునే గదిలో చన్నీళ్ళే ఉన్నాయి. అద్దం రంగు మరకలతో సగం మూసుకుపోయింది. సుద్ద లేదు, బాణాలు లేవు. కళ్ళు మూసుకుని వేలితో ఆ సుడి చుట్టూ తడిమాను. పైన కిందికి వాలి ఉంది, ముందు వెనక్కి, కింద పైకి. ఒక్క గీతతో అయ్యేది కాదు, చుట్టూ తిరిగి రావాలి. నురగ పట్టించాను. చర్మం చెవి వైపు బిగించి పట్టి, చిటికెనవేలి గోరంత గీత ఒకటి, ఆపి, కోణం మార్చి ఇంకొకటి. రేజరు బరువు తప్ప నా బరువు దాని మీద పడనీయలేదు. అన్ని రోజుల్నుంచీ కుదురు లేని చెయ్యి అక్కడ కుదురుగా ఉంది. ఒకచోట మాత్రం రవ్వంత రక్తపు చుక్క తేలింది. పటిక అద్ది, కడుక్కుని, తుడుచుకుని, వేలితో ఎటు నిమిరినా తగలకపోయేదాకా చూసుకున్నాను.

రెండోసారి మాట్లాడమన్నప్పుడు మళ్ళీ అదే ప్రార్థన చెప్పాను. నా చేతిలో పనిని అన్నచోట గొంతు దానంతటదే ఆగబోయింది. ఏమీ తగల్లేదు. ముందుకి వంగమంది, లేవమంది. తగల్లేదు. నమ్మకం చాలక, ఆ అమ్మాయి సంచీ తీయబోతుంటే, "ఇంకొంచెం కొట్టి చూడమ్మా," అన్నాను. ఆమె నవ్వి, "చాలండీ, మీకంటే నాకే చేదెక్కింది," అని కాగితం మీద సంతకం పెట్టింది.

ఆదివారం పొద్దున మా బామ్మర్ది మా ఇంటికొచ్చాడు. ఊరికేనే వచ్చానన్నాడు. టీ ఇస్తే తాగాడు. మా అమ్మాయి జడ లాగాడు. మిషను మీదున్న మఖమల్ని అటూ ఇటూ నిమిరాడు. కూర్చున్నాడు, లేచాడు, కిటికీలోంచి చూశాడు. చెయ్యి ఊరికే చెంప మీదికి పోతోంది. ఆ చెయ్యిని నేను వారమంతా నా దగ్గరే చూశాను కాబట్టి ఏమీ అడగలేదు.

"ఆ రంగు గదిలో," అన్నాడు చివరికి కిటికీకేసే చూస్తూ, "నిన్న సాయంత్రం చిన్న దగ్గొచ్చింది బావా. మామూలు దగ్గే అయ్యుంటుంది."

"అయ్యుంటుంది."

"నీకు పరీక్ష చివర్లో చేదు తెలిసింది. నాకు మొదటి ఊపిరికే తెలిసింది."

వాళ్ళక్క మిషను తొక్కడం ఆపేసింది. నేను లోపలికెళ్ళి రేజరు తెచ్చి, పాత బ్లేడు తీసేసి, వేడినీళ్ళతో కడిగి, కొత్త బ్లేడు వేసి బల్ల మీద పెట్టాను. వాడు దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూశాడు.

"ఇది కరుస్తుందా?"

"సాధువు. నొక్కితే కరుస్తుంది. రేపు పొద్దున్నే వెళ్ళి ఆ అమ్మాయిని ఇంకోసారి పరీక్ష పెట్టమని అడగాలి మరి. అడుగుతావా?"

"అడక్కపోతే ఇంత పొద్దున్నే నీ మొహం చూడ్డానికొచ్చానా?" వాడు స్టూలు కిటికీ దగ్గరికి లాక్కుని, వెలుగు వైపు తిరిగి కూర్చుని, మెడ పైకెత్తాడు. "అక్కా, నీ సుద్ద ఏదీ?"

ఆమె సుద్ద తీసుకుని వచ్చి, వాడి చెంప మీద వేళ్ళు ఆనించి, ఆగింది.

"కదలకు. బాణం ఎటుంటే ఏమని అర్థమో, ముందు ముగ్గురం ఒక మాట అనుకుందాం," అంది.